గులిమి

కోఠిల బేరమాడి
నాలుగు వందల యాభైకి తెచ్చింది మా స్రవంతి.
పెన్ను లెక్కనే ఉన్నది.
కొనకు చీమ కన్నంత దీపం,
దీపం పక్కన కెమెరా,
ముందట ఆవగింజ పట్టేంత చెంచా.
"చెవుల పెడితే ఫోన్ల కనవడ్తదమ్మా" అన్నది.
పైసలు పెట్టి మురికి చూసుకునుడా అన్న నేను.
అద్దంల మొఖం చూసుకుంటలేమా అన్నది అది.

ముందుగాల మా ఆయన.
ఇరవై ఏడేండ్లు సిటీ బస్సు తోలిన మనిషి.
సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్,
అఫ్జల్‌గంజ్ నుంచి మళ్ళ సికింద్రాబాద్,
కుడిచెవి ఎప్పుడూ కిటికీ దిక్కే.
ఇప్పుడు ఆ చెవుల మాట వేస్తే
ఎండిన బాయిల దూది వేసినట్టు.
నేను చింతపండంటే ఆయన చీపురు తెస్తడు.

స్టూలు మీద కూసోవెట్టినం.
ఫోన్ల తెరుచుకున్నది
గులాబీ రంగు సొరంగం,
గోడలకు ఎంటికలు
మెట్రో పిల్లర్లకు తేలిన ఇనుప చువ్వల లెక్క,
నడిమిట్ల అడ్డంగ
పాతబెల్లం ముద్ద.
ముగ్గురం ఒక్కసారే "అబ్బో" అన్నం.
ఆయన ఒక్కడే "ఏమన్నరు?" అన్నడు.

పుట్టినోళ్ళు బతుకుతలేరని మా అత్త
పెంట మీద పెట్టి తీసి
పెంటయ్య అని పేరు పెట్టుకున్నదట.
అరవై రెండేండ్లకు దొరికింది సాక్ష్యం.

మూడు దినాలు నూనె చుక్కలు.
నాలుగోనాడు పొద్దుగాల
కంకర గింజంత బయటికొచ్చింది.
తెల్ల కాగితం మీద పెట్టుకొని,
ఊడిన పాలపన్ను చూసుకునే పిలగాని లెక్క
అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నడు.
"ఇది నారాయణగూడ బ్రిడ్జి కట్టినప్పటి దుమ్ము.
ఇది ముషీరాబాద్ సిగ్నల్ కాడ లారీ పొగ.
గీ నల్లది ఉన్నదే,
ఇది మా కండక్టర్ రాజలింగం ఈల."

తర్వాత ఎందుకో సప్పుడు చెయ్యలేదు జరసేపు.
అబిడ్స్‌ల ఎర్ర తలపాగ మస్తాన్ యాదికొచ్చిండట.
తలపాగల సూది, చెవి మీద దూది,
కెమెరా లేదు, దీపం లేదు,
కండ్లు మూసుకొని తీసేటోడట.
"ముచ్చట చెప్పుకుంట తీసేటోడే.
ముచ్చట ఒడిసేసరికి చెవి ఒడిసేది.
ఇది ముచ్చట చెప్పదు" అని
పెన్నును బల్ల మీద పెట్టిండు.

ఆయితారం నాటికి బిల్డింగంత తెలిసింది.
మూడో అంతస్తు జహంగీర్ సాబ్ టోపీ తీసి వచ్చిండు,
కింది పోర్షన్ భూదేవమ్మ కమ్మలు తీసి వచ్చింది.
చెవి చూపెట్టుడంటే ఏమనుకున్నరో,
పెండ్లిచూపులకు కూసున్నట్టు
అందరూ తల వంచుకునే ఉన్నరు.
వాడకట్టు ముచ్చట్లన్నీ మోసే భూదేవమ్మ చెవి
తోమిన గిన్నె.
అందుల ఏది నిలిచింది గనుక,
ఇటు వచ్చింది వచ్చినట్టే అటు పాయె.
ఓనరు కొడుకు మాత్రం రానన్నడు.
కిరాయి పెంచొద్దని మూడు నెలల సంది చెప్తున్నం,
ఎందుకు రాడో మాకెరుకే.

మా ఆయనకిప్పుడు అన్నీ వినవడ్తున్నయి.
ఫ్యాను బేరింగు, నల్లా చుక్క,
నేను నోట్లె గొణుక్కునేది.
"ఎవర్నే తిడుతున్నవ్?" అనుకుంట వంటింట్లకొస్తడు.
ఇన్నేండ్ల సంది ఎవరికీ తగలకుండ
గాలిలకు పోయిన తిట్లు,
ఇగ జర చూసి తిట్టాలె.

నిన్న రాత్రి అందరు పండుకున్నంక
నా చెవుల నేనే పెట్టుకున్న,
పైలంగ, ఊపిరి బిగవట్టి.
గులిమి ఏం లేదు.
చివర్ల ఒక పొర,
ఉల్లిపొర కంటే పలుచగ,
దీపం పడితే ముత్యం లెక్క మెరుస్తున్నది.
పక్కన ఆయన గురక మొదలైంది.
ముప్పై నాలుగేండ్లు
ఇది వచ్చి తగిలింది దానికే కదా అనుకొని,
ఫోన్ల బొమ్మను రెండు వేళ్ళతోటి పెద్దగ చేసి
మూల మూలకు చూసిన.
ఒక్క గీత లేదు.